పధ్నాలుగో నంబరు ఇంటి ఉష్ణోదక విజయము

స్వస్తి! ఓల్డ్‌హామ్ నగరమందు, నిరంతర తుషారధారా క్షాళిత రక్తేష్టికా గృహపంక్తి విరాజితమైన బాబిన్ వీధియందు, సూర్యభగవానుడు సెలవు పెట్టి మూడు వారములు గడచిన నవంబరు మాసమున, ఒకానొక శనివారమున, ఉదయము తొమ్మిది గంటలకు, దక్షిణహస్తమున స్పానరును వామహస్తమున టీ కప్పును ధరించి, మోచేతులు చిరిగిన స్వెటరే వజ్రకవచముగా, ఇంట్లో తొడుగుకునే మెత్తని జోళ్ళే సమర పాదుకలుగా, స్నానశాలా ద్వారమున నిలిచిన ఒక మహావీరుని చరిత్రమును విన్నవించుకొనుచున్నాను. చిత్తగించండి.

ఆ వీరుని పేరు డెరెక్ థ్రెల్‌ఫాల్. ముప్పై ఒక్క సంవత్సరాలు సిటీ బస్సు నడిపి విశ్రమించిన సారథి, ఉచిత సలహా చక్రవర్తి, అసంపూర్ణ కార్య ధురంధరుడు, ఆరంభశూర శిఖామణి. ఇన్ని బిరుదులు నాకెలా తెలుసంటారా? ఆ వీరుణ్ణి నేనే. నా గాథ పాడడానికి వీధిలో మరెవ్వరూ ముందుకు రాలేదు కనుక ఆ పని కూడా నా నెత్తినే పడింది.

యుద్ధకారణం చెప్పాలి. నా భార్య లినెట్‌కు సెప్టెంబరులో ఎడమ భుజం బిగుసుకుపోయింది. చెయ్యి చెవి దాకా కూడా లేవదు. మా ఇంట్లో ఉన్నది టబ్బు ఒక్కటే. దాని పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, మగ్గుతో నీళ్ళు పోసుకుని తలంటుకోవడం ఆవిడకు ఇరవై రెండేళ్ళ అలవాటు. ఇప్పుడు ఉన్న ఒక్క చెయ్యీ మగ్గుకే సరిపోతోంది, రుద్దుకోవడానికి రెండోది లేవదు. అందుకని మగ్గు నా చేతికి వచ్చింది. నేను పోసే నీళ్ళలో సగం ఆవిడ మెడలోకీ, సబ్బంతా కళ్ళలోకీ పోతుంది. మొన్న గురువారం తువ్వాలుతో కళ్ళు ఒత్తుకుంటూ లినెట్ అంది, "నా తల నేను రుద్దుకుని రెండు నెలలైంది, డెరెక్. పసిపిల్లకి పోసినట్టు పోస్తున్నావు." తొమ్మిదేళ్ళ క్రితం షవరు పెడతానని మాటిచ్చినవాణ్ణి నేనే, దాని పెట్టె అప్పటి నుంచి మంచం కిందే ఉంది. నిజంగా సిగ్గేసింది.

"శనివారం సాయంత్రానికి పని కాకపోతే ఆదివారం మా అన్నయ్యని పిలుస్తా" అని కూడా అంది. వాళ్ళన్నయ్య గ్రాహమ్ తన ఇంట్లో రెండు షవర్లు తానే పెట్టుకున్నాడు. ఆ సంగతి పెళ్ళిళ్ళలో చెబుతాడు, చావులకు వచ్చినప్పుడూ చెబుతాడు.

ఇక సేనానాయకుని పరిచయం. మా వంటింటి గోడకు వేలాడే బాయిలరు కాంబి జాతిది. దానికి తొట్టి లేదు, నిల్వ లేదు, రేపటి చింత లేదు. కొళాయి తిప్పగానే నిద్ర లేచి, వచ్చిన నీళ్ళను వచ్చినట్టే కాచి పంపుతుంది. నీటి ధార సన్నబడిందా, అలిగి ఆరిపోతుంది. ఈ చివరి మాట మీరు గుర్తుంచుకోండి. నేను మరిచిపోయాను.

మొదట నీళ్ళు ఆపాలి. సింకు కింద, అంధకార గహ్వరాంతర్భాగమున, ఇరవై రెండేళ్ళుగా ఎవరూ తాకని ప్రధాన కొళాయి తుప్పు పట్టి తపస్సు చేసుకుంటోంది. నేను బోర్లా పడుకుని, స్పానరు సంధించి, ఇట్లు గర్జించితిని:

"ఓరీ ఇత్తడి అధమా! ద్వావింశతి వత్సరములుగా నా గృహమున నివసించి, నా నీటినే త్రాగి, నేడు నా ఆజ్ఞనే ధిక్కరింతువా? లెమ్ము! తిరుగుము! లేకున్న నిన్ను సమూలముగ పెల్లగించి పాత సామాన్ల బండికి అప్పగించెద!"

"ఎవరితో మాట్లాడుతున్నావ్?" అని గుమ్మంలోంచి లినెట్.

"శత్రువుతో."

"తిరిగాడా మరి?"

"లేదు."

"బలమంతా చూపించకు. విరిగిందంటే వంటింట్లో ఈత కొట్టాలి."

అందుచేత వీరుడు వ్యూహము మార్చి, పొడుగాటి తాళంచెవి చేతబూని వీధిలోకి వెళ్ళి, కాలిబాటలోని ఇనుప మూత ఎత్తి, దాని కింద ఉన్న కొళాయిని తిప్పాడు. వెన్నలా తిరిగింది. అంత సులువుగా అయిన పనిని మామూలు మనిషైతే అనుమానిస్తాడు. మా వరసలోని ఇళ్ళు పాతకాలం మిల్లు కార్మికుల కోసం కట్టినవి. వీధి లోంచి ఒక్కటే గొట్టం వచ్చి పన్నెండుకూ, పధ్నాలుగుకూ, పదహారుకూ చీలుతుంది. ఈ ముక్క పదహారో నంబరు హిల్డా నాకు స్వయంగా రెండుసార్లు చెప్పింది. నేను నా టీ చల్లారకముందే పైకి వెళ్ళిపోయాను.

అటుపిమ్మట జరిగిన ఘోర సంగ్రామమును వర్ణింప నాకు వేయి నాలుకలు చాలవు, ఉన్న ఒక్కటీ దుమ్ము కొట్టుకుపోయింది. టబ్బు కొళాయిలకు వెళ్ళే రాగి గొట్టాలు రెంటినీ కోసి, గోడ మీదుగా పైకి ఎక్కించాలి. వాటి కొసల మధ్య షవరు మిక్సరును, అనగా వేడినీటినీ చన్నీటినీ కలిపి కాపురం చేయించే ఆ వెండి కడ్డీని, బిగించాలి. ఎడమ వేడి, కుడి చల్లన. తారుమారైతే సర్వనాశనం. అందుకే ఎడమ అరచేతిలో "వేడి" అనీ, కుడి అరచేతిలో "చల్లన" అనీ పెన్నుతో రాసుకున్నాను. డ్రిల్లు గర్జించెను, గోడ గజగజలాడెను, ధవళ ధూళి దశదిశలను కప్పెను, గోడకున్న ఒక పింగాణీ పలక నిలువునా పగిలి వీరస్వర్గమలంకరించెను. సబ్బు డబ్బా తగిలించడానికి సరిగ్గా అదే చోటు బాగుంటుందని అప్పటికప్పుడు నిశ్చయించాను.

పదకొండింటికి తలుపు దబదబా మోగింది. పన్నెండో నంబరు మునీర్ ఖాళీ కెటిల్‌తో నిలబడి ఉన్నాడు. అతని వెనక హిల్డా, ఎనభై ఒక్క ఏళ్ళ మనిషి, టీపాటును చంటిబిడ్డలా చంకలో పెట్టుకుని వచ్చింది.

"డెరెక్ భాయ్, మీ ఇంట్లో నీళ్ళొస్తున్నాయా?"

"రావడం లేదు మునీర్. నేనే ఆపాను."

"నీవి ఆపుకో, మావెందుకు ఆపావ్? తెల్లారగట్ల నుంచి టాక్సీ తోలి వచ్చాను. చూడు, దీంట్లో చుక్క లేదు."

హిల్డా కెటిల్ వంకా, నా వంకా చూసింది. "నీకు రెండుసార్లు చెప్పాను కద నాయనా, ఆ మూత కిందది ముగ్గురిదీ అని. మూడోసారి చెప్పాలంటే ముందు నా గొంతులో టీ పడాలి."

పైన కోసిన గొట్టాలు నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. ఇప్పుడు నీళ్ళు వదిలితే కింది గది పైకప్పు మా నెత్తి మీదికి వస్తుంది. మరి దారి లేక గుమ్మం మెట్టెక్కి చేతులెత్తాను.

"ఓ బాబిన్ వీధీ పౌరులారా! మహత్కార్యార్థము మహాత్యాగము తప్పదు! ఒక్క గడియ ఓర్చుకొనుడు! మీ తేనీటి పాత్రలు పునః పరిపూర్ణములగును!"

"గడియంటే ఎంత?" అంది హిల్డా.

"ఒక గంట."

"మామూలు గంటా, డెరెక్ గంటా?"

నా వెనక నుంచి లినెట్ చెప్పింది, "డెరెక్ గంటే, హిల్డా. ఓ మూడింటికి చూసుకోండి."

ఆవిడ లెక్క అరగంట తప్పింది. రెండున్నరకల్లా పని అయిపోయింది! గొట్టాల్లోని చెత్త కడిగాను, మరలకు తెల్లటి సన్న టేపు చుట్టాను, టబ్బు రంధ్రంలోకి దొర్లిపోయిన వాషరును లినెట్ అల్లిక సూదితో పైకి లాగాను. వీధిలోని కొళాయి తెరిచి, పరుగున పైకొచ్చి చూస్తే ఒక్క బొట్టు కారలేదు. పెట్టెలో ఒక రబ్బరు వలయం మిగిలిపోయింది. దాన్ని ఎవరికీ చూపించకుండా జేబులో వేసుకున్నాను.

లినెట్ లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. నేను బయట నిలబడ్డాను. నీళ్ళు పడిన చప్పుడు, కింద బాయిలరు గుప్పుమన్న చప్పుడు, ఆ తర్వాత లినెట్ "అబ్బా, ఎంత హాయిగా ఉంది" అనడం, పాట అందుకోవడం వినబడ్డాయి. గ్రాహమ్ మొహం కళ్ళ ముందు మెదిలింది. తలకి సబ్బు పట్టించుకుంటోందని పాటను బట్టి తెలుస్తోంది. అంతలో పాట ఆగి కేక వినబడింది.

"డెరెక్! మంచునీళ్ళు! తలనిండా సబ్బుంది!"

నాకు అప్పుడు వెలిగింది. పొద్దుటి నుంచి నోరెండిన రెండిళ్ళూ ఇప్పుడే కెటిళ్ళు నింపుతున్నాయి, గిన్నెలు కడుగుతున్నాయి, బట్టల మిషను పెట్టాయి. ఉన్న ఒక్క గొట్టంలో మా వాటా సన్నగిల్లింది, బాయిలరు అలిగి ఆరిపోయింది.

తలుపు వెనక నుంచి లినెట్ మెల్లగా అంది, "పర్లేదులే. మగ్గు తీసుకురా."

తిట్టి ఉంటే తట్టుకునేవాణ్ణి. ఆ "పర్లేదులే" నా గుండెల్లో దిగింది. మగ్గు తీయలేదు. మెట్లు దూకి, జోళ్ళతోనే వానలోకి పరిగెత్తి, రెండు తలుపులూ బాదాను. మునీర్ సగం నిండిన కెటిల్‌తో వచ్చాడు. హిల్డా సబ్బు చేతులతో వచ్చింది.

"ఓ పౌరులారా!" అని మొదలుపెట్టాను. తర్వాతి సమాసం రాలేదు. "లినెట్ తలనిండా సబ్బుంది. ఒక్క ఐదు నిమిషాలు ఎవరూ కొళాయి తిప్పకండి. మీకు దణ్ణం పెడతాను" అని రెండు చేతులూ చాచాను.

మునీర్ నా అరచేతుల్లోకి వంగి చూశాడు. "ఏంటది? వేడి... చల్లన... పరీక్షకి కాపీ రాసుకున్నావా భాయ్?"

"తప్పు చెయ్యకూడదని రాసుకున్నాను."

హిల్డా కళ్ళు చికిలించి ఆ రెండు మాటలూ చదివింది. "ఇది లినెట్ కోసమా, నీ కోసమా?"

"లినెట్ కోసం."

"అయితే సరే. నీ కోసమైతే కుదరదనే చెప్పేదాన్ని" అని లోపలికెళ్ళి కొళాయి కట్టేసి వచ్చింది. మునీర్ బట్టల మిషను ఆపి, కెటిల్ గుమ్మం మీద దించి, వాచీ చూసుకున్నాడు. "ఐదు నిమిషాలు. మామూలువి."

అంతట ఆ వర్షపాత సంకుల వీథీమధ్యమున, తృష్ణాపీడితులయ్యు ధృతి తప్పక, తేనీటి కాంక్షను జయించి, ముగ్గురు నిలిచిరి. మా వంటింట్లోంచి బాయిలరు మళ్ళీ గుప్పుమంది. పైన గరుకద్దాల చిన్న కిటికీకి ఆవిరి పట్టింది. పాట ఆగినచోటి నుంచే మొదలైంది. ఐదు నిమిషాలు అయ్యాయి, ఏడు అయ్యాయి. మునీర్ వాచీ వంక చూసి, చెయ్యి జేబులో పెట్టుకున్నాడు. నాకు కళ్ళు చెమర్చాయి, వాన పడుతోంది కనుక బతికిపోయాను.

తొమ్మిదో నిమిషాన లినెట్ తలకు తువ్వాలు చుట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. కుడిచేతిలో మగ్గు ఉంది. మా ముగ్గురినీ చూసి, "నా తల నేనే రుద్దుకున్నా, ఒంటి చేత్తో" అంది. గుమ్మం పక్కన మూత తెరిచే ఉన్న చెత్తడబ్బాలో మగ్గును పారేసింది. "సబ్బు డబ్బా వంకరగా పెట్టావు. ఇక కెటిళ్ళు పెట్టుకోండి, పాపం."

కావున సమస్త జనులకు తెలియజేయడమైనది: బాబిన్ వీధీ సంగ్రామమున, నవ నిమిషముల పర్యంతము, ఇద్దరు ఇరుగుపొరుగువారు టీ లేకుండ జీవించిరి, ఒక పలక, ఒక మగ్గు నేలకొరిగినవి, ఒక రబ్బరు వలయము నేటికిని జేబునందే కలదు, ఒక స్త్రీ తన తల తానే అంటుకొనెను. జయము! జయము! దిగ్విజయము!