చుక్క ప్రథమ ప్రాధాన్యం

ఎంచుకునే హక్కు లేని ప్రాణి ఈ నేల మీద ఒక్కటి కూడా ఉండకూడదని ఆ మధ్య ఒక వేసవిలో పైవాళ్ళు తీర్మానించారు. మొదటి విడతకు మేకలను తీసుకున్నారు. (మనుషుల సంగతి తర్వాతి విడతల్లో పరిశీలిస్తారట.) మంచిర్యాలలో ‘మేత అభిరుచుల నిర్ధారణ కార్యాలయం’ అని ఒక బోర్డు వెలిసింది. గుట్ట మీదికి మేతకు పోదలచిన ప్రతి మేకా తనకు ఇష్టమైన ఆకు ఏదో ముందుగా అక్కడ నమోదు చేసుకోవాలి, ధ్రువపత్రం పొందాలి, ఆ తర్వాతే ఆకలి వేయించుకోవాలి.

ఈ సంగతి సక్కుబాయికి ఏప్రిల్‌లో తెలిసింది. ఆమెకు ముప్పై ఒక్క మేకలు. ఊరి కింద చేలన్నీ కోతలైపోయి ఎండకు మాడిపోయాయి, పచ్చిక అన్నది లేదు. మేకలు బతకాలంటే గుట్ట ఎక్కాలి. గుట్ట మొదట్లో ఒక కర్ర అడ్డం కట్టి, పక్కన కుర్చీ వేసి, కుర్చీలో కొండల్‌ను కూర్చోబెట్టారు. కొండల్ ఆ కార్యాలయంలో క్షేత్ర సహాయకుడు, నమోదు యాప్ అతని ఫోన్‌లోనే ఉంది. మంచివాడు. మంచివాడు కాబట్టి సక్కుబాయిని రోజూ క్షమించమని అడిగి మరీ వెనక్కి పంపేవాడు.

“కర్ర లేపుడు నాకెంతసేపక్కా! యాప్‌ల మీ మేకలు లేవు గదా.”

“ఎక్కియ్యి మరి.”

“గట్లెట్ల ఎక్కుతయి? ఏ మేకకు ఏ ఆకు ఇష్టమో ఒకటి, రెండు, మూడు అని వరుసగ చెప్పాలె.”

సక్కుబాయికి నవ్వొచ్చింది. “మేక ఒక్కకాడ నిలవడి తింటదా తమ్మీ? నడుసుకుంట తింటది. పొద్దుగాల రేగు చిగురు, ఎండెక్కినంక తుమ్మకాయ, మల్లొచ్చేటప్పుడు రాలిన ఇప్పపువ్వు. నిన్న మూతి తిప్పుకున్న ఆకునే ఇయ్యాల ఎగవడి తింటది. గది దాని మర్జీ.”

కొండల్ శ్రద్ధగా వెతికాడు. మర్జీ అనే ఆకు యాప్‌లో లేదు.

దరఖాస్తు మాత్రం సులువుగానే ఉంది. మేక పేరు, పుట్టిన తేదీ, ముందుకాలి గిట్ట ముద్ర, తండ్రి పేరు. ఊళ్ళో ఉన్నది ఒకటే మేకపోతు కావడంతో ఆ చివరి గడి ముప్పై ఒక్కసార్లూ ఇట్టే నిండింది. ఇక పరీక్ష ఒక్కటే మిగిలింది. అయిదు తట్టల్లో అయిదు రకాల ఆకులు పెట్టాలి, మేక మొదట ఏ తట్టలో మూతి పెడితే అది ప్రథమ ప్రాధాన్యం. అంతా వీడియో తీయాలి. నమూనా ఆకులు దరఖాస్తుదారే తెచ్చుకోవాలి. (పారదర్శకత కోసం.)

కొండల్ కుర్చీ దగ్గరికి జరుపుకుని గొంతు తగ్గించాడు. “అక్కా, ఒక్క మాట. ఇప్ప అని వచ్చినా, రేగు అని వచ్చినా గుట్ట బంద్. గవి విలువైన చెట్లట. జర ఎవలికీ పనికిరాని ఆకు చూసుకో.”

సక్కుబాయి ఆ రోజంతా ఆలోచించింది. మేకలు ముట్టని ఆకు తంగేడు. గుట్ట చుట్టూ పసుపుపచ్చగా విరగబూసినా దాని మొహం చూడవు. మేకలకే అక్కర్లేనిది పైవాళ్ళకు ఏం అక్కర? అదే సరైనదని తేల్చుకుంది. మేత మానేసి మొండికేసిన మేకకు ఆకు మీద ఉప్పునీళ్ళు చిలకరించి తినిపించడం ఆమెకు కొత్త కాదు. వారం రోజులు కొట్టంలో మేకలు నాకే ఉప్పు గడ్డ పెట్టడం మానేసింది. పరీక్షనాడు తంగేడు మండలను ఉప్పునీళ్ళలో ముంచి తట్టలో పేర్చింది.

ముందుగా చుక్క వచ్చింది. నల్లమేక, నుదుటి మీద తెల్లచుక్క, మెడలో గంట. మందకు పెద్ద. వెనక కాళ్ళ మీద లేచి రేగుకొమ్మను కిందికి వంచి, పిల్లలు తినేదాకా అట్లాగే పట్టుకుని నిలబడే మేక అది. సక్కుబాయికి మిగిలిన ముప్పై మేకలూ ఒక ఎత్తు, చుక్క ఒక ఎత్తు. చుక్క రేగు తట్ట వాసన చూసింది, తల ఎత్తింది, నేరుగా పోయి తంగేడులో మూతి పెట్టింది. వెనకే ముప్పై మేకలూ అదే తట్ట మీద పడ్డాయి. వీడియో బ్రహ్మాండంగా వచ్చింది.

పదకొండో రోజున తాఖీదు అందింది. “రాష్ట్ర పుష్పమగు తంగేడును ప్రథమ ప్రాధాన్యముగా ప్రకటించి, ముప్పై ఒక్క మేకలు ఏకాభిప్రాయముతో రాష్ట్ర గౌరవమునకు భంగము కలిగించినందున, స్వయముగా హాజరై సంజాయిషీ ఇచ్చుకొనవలెను.”

అందరినీ తీసుకుపోవడానికి ఆటో చాలదు. ప్రతినిధిగా చుక్కను ఎక్కించుకుని సక్కుబాయి మంచిర్యాల పోయింది.

అధికారిణి పేరు ప్రిస్కిల్లా. నెమ్మదైన మనిషి. చుక్కను చూసి లోపలికి రమ్మంది, ఫ్యాన్ తిరగడం లేదని నొచ్చుకుంది, ఆపైన అడిగింది. “నిజం చెప్పమ్మా. గీ మేకలు తంగేడే తింటయా?”

 సక్కుబాయి దాచలేదు. “తినయి మేడం. తప్పు నాదే. నేనే ఉప్పునీళ్ళు చల్లిన. అవి ఆకును చూసి తినలే, ఉప్పును చూసి తిన్నయి. కింద మేత లేదు, గుట్ట ఎక్కకుంటే సచ్చిపోతయి. గందుకే చేసిన.”

ఈలోగా చుక్క బల్ల మీద ఉన్న అధికారిణి చేతిని నాకడం మొదలుపెట్టింది. చెమట పట్టిన చేయి అది. ప్రిస్కిల్లా చేయి వెనక్కి తీసుకోలేదు. చాలాసేపు నాకనిచ్చింది.

“నిజమేనమ్మా, ఉప్పే,” అంది. ఆమె కళ్ళు కాస్త చెమర్చాయి కూడా. “నీ మీద కేసు రాయను. సవరిస్త.” అదృష్టం, యాప్‌లో ఉప్పు ఉంది. ముప్పై ఒక్క మేకల ప్రథమ ప్రాధాన్యం అక్కడికక్కడే ఉప్పుగా మారింది.

వారంలో అనుమతి, దానితోపాటు ప్రతి మేక చెవికీ ఒక నంబరు బిళ్ళ వచ్చాయి. ఉప్పును అభిరుచిగా కలిగిన పశువులకు సముద్రతీర ప్రాంతం కేటాయించడమైనదని, రవాణా ఏర్పాట్లు యజమానివేనని, గడువులోగా అభ్యంతరం రానిచో పశువులు సదరు తీరమునకు చేరినట్లే భావించబడునని అనుమతిలో ఉంది. మంచిర్యాలకు గోదావరి ఉంది గాని సముద్రం లేదు. ఈ విషయం అనుమతిపత్రంలో ప్రస్తావనకు రాలేదు.

గడువు దాటిన మర్నాడు సక్కుబాయి మేకలను తోలుకుని కర్ర దగ్గరికొచ్చింది. ఏమైతే అదైందనుకుంది. కొండల్ ఫోన్ చూశాడు, మేకలను చూశాడు, మళ్ళీ ఫోన్ చూశాడు.

“మీ మేకలు గీడ లేవక్కా. సముద్రం కాడున్నయి. లేని మేకలను నేనెట్ల ఆపుత?” అని లేచి కర్ర ఎత్తాడు.

నెల రోజులు సక్కుబాయికి పండుగే. మేకలు పొద్దున రేగు తిన్నాయి, మధ్యాహ్నం తుమ్మకాయ తిన్నాయి, నడుచుకుంటూ ఇష్టమొచ్చింది తిన్నాయి, డొక్కలు నిండాయి. ఇంత మంచి పథకం ఇంతవరకు రాలేదని ఆమె ఊళ్ళో అందరికీ చెప్పింది.

తర్వాత ఒక సాయంత్రం ముప్పై మేకలే దిగాయి. తెల్లవారి వెతికితే బండల సందున గంట దొరికింది, చెవి బిళ్ళ దొరికింది, చుట్టూ చిరుతపులి అడుగులు. సక్కుబాయి అక్కడే కూలబడి ఏడ్చింది. చుక్క వంచి పట్టుకునే కొమ్మ పైన గాలికి ఊగుతోంది, దాని కింద మేకపిల్లలు తలలెత్తి చూస్తున్నాయి.

గంటా బిళ్ళా కొంగున కట్టుకుని మంచిర్యాల పోయింది. “చిరుత తిరుగుతుంది మేడం. చుక్కను తిన్నది. ఇంక ముప్పై ఉన్నయి, మేమూ ఉన్నం. ఎవలనన్న పంపుండ్రి,” అని గంట, బిళ్ళ బల్ల మీద పెట్టింది.

ప్రిస్కిల్లా గంటను చేతిలోకి తీసుకుంది.  బిళ్ళ మీది నంబరు యాప్‌లో కొట్టి చూసి, ఒక కాగితం తీసి, ముద్ర వేసి, రెండు చేతులతో సక్కుబాయికి ఇచ్చింది. కొండల్ దాన్ని ఆ సాయంత్రం కర్ర పక్కన నిలబడి చదివి వినిపించాడు.

“సముద్రతీరమున చిరుతపులులు సంచరించవు గనుక, ఫిర్యాదులోని మేక సజీవముగా ఉన్నట్లు, తృప్తిగా మేయుచున్నట్లు ధ్రువీకరించడమైనది. ఈ పత్రము మూడు సంవత్సరములు చెల్లును.”