ట్యాంకెక్కిన సెల్‌ఫోన్

ఆ శుక్రవారం పొద్దున దివాకర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఇస్త్రీ చొక్కా తొడుక్కోవాలి, అడిక్‌మెట్‌లోని గదికి తాళం వేయాలి, తొమ్మిదింటికల్లా యూనివర్సిటీ ఫిజిక్స్ డిపార్ట్‌మెంటుకు చేరాలి, పదకొండింటికి వైవాలో కూర్చోవాలి, పన్నెండింటికి డాక్టర్ దివాకర్ అయి బయటికి రావాలి. ఐదేళ్లు పరిశోధన చేసినవాడికి ఇదేమంత అత్యాశ కాదు. పైగా గత్యంతరం కూడా లేదు. ఒక డిగ్రీ కాలేజీలో లెక్చరర్ ఉద్యోగం దాదాపు చేతికొచ్చింది గానీ, సోమవారంలోగా పీహెచ్‌డీ పూర్తయినట్టు కాగితం చూపించకపోతే అది జాబితాలో తర్వాతి పేరుకు పోతుంది.

వైవా చేయవలసిన పార్థసారథి గారు తిరుపతి నుంచి వస్తున్నారు. అంబర్‌పేటలో బంధువుల ఇంట్లో దిగి, స్నానం చేసి, ఫోన్ చేస్తానన్నారు. అప్పుడు దివాకర్ స్కూటర్ మీద పోయి తీసుకురావాలి. ఆ ఇల్లెక్కడో ఆయన చెప్పలేదు, ఇక్కడెవరూ అడగలేదు. మూడింటికి ఆయనకు తిరుగు రైలుంది. ఇవాళ తప్పితే మళ్లీ ఆరు నెలల దాకా ఆయన దొరకరు.

ఫోన్లకైతే కొదవ లేదు. డిపార్ట్‌మెంటులో టైపిస్టు కృపారాణి బల్ల మీద ఒకటుంది. దానికి తోడు దివాకర్ గైడు ప్రొఫెసర్ లక్ష్మీనర్సయ్య నిన్న సాయంత్రమే తార్నాకలో సెల్‌ఫోన్ కొన్నారు. తొంభై ఎనిమిదిలో సెల్‌ఫోనంటే మాటలు కాదు. డిపార్ట్‌మెంటు మొత్తానికి అదే మొదటిది. కొన్న వెంటనే పార్థసారథి గారికి దాంతోనే ఫోన్ చేసి, "ఇకనుంచి నన్ను ఎక్కడున్నా పట్టుకోవచ్చు" అని నంబరు కూడా చెప్పారు.

తొమ్మిదింటికి ప్రొఫెసర్ గారు వచ్చారు. జేబులో ఫోన్ ఉంది, దాని నుదుట కుంకుమ బొట్టుంది, ఆయన మొహంలో మాత్రం నెత్తురు చుక్క లేదు.

"దివాకర్, దీనికేమైందో చూడు. సిమ్ పెట్టు, సిమ్ పెట్టు అంటున్నది. పెట్టే ఉన్నది కదా."

దివాకర్ వెనక మూత తీశాడు. కార్డు ఉన్నచోటే బుద్ధిగా ఉంది. తీసి పెట్టాడు, బ్యాటరీ ఊడదీసి పెట్టాడు, గట్టిగా నొక్కి పెట్టాడు. ఫోన్ తన మాట మీదే నిలబడింది.

"ఒకసారి రింగ్ చేసి చూద్దాం సార్," అంటూ కృపారాణి తన బల్ల మీది ఫోన్ నుంచి సెల్ నంబరు కొట్టింది. పలకలేదు. ఆమె పట్టుదల గల మనిషి. "పనిచేసేదాంక చేస్తనే ఉంట," అని పెట్టడం, కొట్టడం, పెట్టడం, కొట్టడం మొదలుపెట్టింది. ఆమె సేవాభావానికి దివాకర్ కళ్లు చెమర్చినంత పనయింది.

స్కూటరేసుకుని తార్నాక ఉరికాడు. సెల్ దుకాణం ముఖేష్ అప్పుడే షట్టర్ లేపుతున్నాడు. ఫోన్ చేతికి తీసుకోకుండానే రోగం చెప్పేశాడు.

"కార్డ్ కొత్తది కద భాయ్. టవర్ ఇంక దాన్ని గుర్తుపట్టలే. ఎత్తు మీదికి పొయి పెట్టున్రి, సెట్ అయితది."

ఆ మాట మోసుకొచ్చేసరికి పదింబావు. లక్ష్మీనర్సయ్య గారు ముప్ఫై ఏళ్లుగా ఫిజిక్స్ చెబుతున్న మనిషే, నిన్న సాయంత్రం ఆ ఫోన్‌లో మాట్లాడినవారే గానీ, ఆపదలో ఎవరు ఏ వైద్యం చెప్పినా నమ్మబుద్ధవుతుంది. మిద్దె మీదికి ఎక్కారు. చాల్లేదు. మిద్దె మీదున్న నీళ్ల ట్యాంకు ఎక్కారు. దాని మీద నిలబడి, ఫోన్ పట్టుకున్న చేతిని ఆకాశంలోకి చాపారు. కింద దివాకర్ ఇనుప నిచ్చెన పట్టుకుని నిలబడ్డాడు.

మన దగ్గర మనిషి నీళ్ల ట్యాంకు ఎక్కాడంటే అర్థం ఒక్కటే. క్యాంటీన్ నుంచి వస్తున్న విద్యార్థులకు తెల్లజుట్టు ప్రొఫెసర్ ట్యాంకు మీద చెయ్యెత్తి నిలబడి కనిపించారు. ఐదు నిమిషాల్లో యాభై మంది పోగయ్యారు. వాళ్ల నాయకుడు దిలీప్ మిద్దె మీదికే వచ్చేశాడు.

"సార్, మీరు దిగొద్దు. మేమున్నం. మీ డిమాండ్ ఏందో చెప్పున్రి."

"డిమాండ్ ఏంది బాబూ, నాకు సిమ్ వస్తలేదు."

దిలీప్‌కు సిమ్ అంటే ఏమిటో తెలియదు. జీతంలో ఏదో భాగం కాబోలనుకున్నాడు. పిట్టగోడ దగ్గరికి పోయి కిందికి కేక వేశాడు. మరుక్షణం "సారుకు సిమ్ ఇయ్యాలె, వెంటనే ఇయ్యాలె" అన్న నినాదం క్యాంపస్‌లో మారుమోగింది. ప్రొఫెసర్ గారు దిగబోతే ఇద్దరు పిల్లలు భక్తితో మళ్లీ పైకెక్కించారు. పదకొండున్నర అయింది. దివాకర్ నిచ్చెన పట్టుకునే తన ఉద్యోగానికి మనసులో నీళ్లు వదిలేశాడు. ఐదేళ్లు, ఆరు వందల పేజీలు, చివరికి ఇది. ఏడుపొచ్చింది గానీ చేతులు ఖాళీ లేవు.

అప్పుడొచ్చింది భూదేవి, ప్రొఫెసర్ గారి భార్య. పార్థసారథి గారికి కప్పవలసిన శాలువా ఇంట్లో మరిచిపోతే పట్టుకొచ్చింది. జనాన్ని తోసుకుంటూ మిద్దెక్కి, ట్యాంకు మీది భర్తను చూసింది.

"ఏంది, గాడ ఎందుకు ఎక్కిన్రు?"

"ఫోన్ కార్డును గుర్తుపడతలేదమ్మా," అని దివాకర్ నీరసంగా చెప్పాడు.

"ఎందుకు గుర్తుపట్టది? పొద్దుగాల నేను మంచిగ పూజ చేసి పంపితి. డబ్బకు కుంకుమ పెట్టిన, కార్డుకు పసుపు రాసిన."

"కార్డుకా?" అన్నాడు దివాకర్.

"నిన్న సారే కార్డు తీసి చూపెట్టి, ఫోన్ ప్రాణమంత దీంట్లనే ఉన్నదన్నడు. ప్రాణమున్న దాన్ని ఇడిచి ఉత్త డబ్బకు పెడతమా? మీదికెల్లి బంగారు బిళ్ల ఉన్నది. దానికి నిండుగ రాసి ఆరబెట్టిన."

ట్యాంకు మీద ప్రొఫెసర్ గారి చెయ్యి మెల్లగా కిందికి దిగింది. ఆయన వంగి అందించిన ఫోన్‌లోంచి దివాకర్ కార్డు తీసి ఎండకు పట్టి చూశాడు. పసుపు మీద పసుపు. బంగారు రంగులో అతుక్కుపోయి ఎండిన పలచని పొర. దివాకర్ ఐదేళ్ల పరిశోధన దేని మీదంటే, లోహం మీద ఏర్పడే పలచని పొరలు కరెంటును ఎలా అడ్డుకుంటాయన్న దాని మీద. గైడూ శిష్యుడూ ఒకరి మొహం ఒకరు చూసుకుని వెంటనే పక్కకు తిప్పుకున్నారు.

జేబులోంచి రబ్బరు తీసి దివాకర్ ఆ బిళ్లను మెల్లగా రుద్దాడు. కార్డు పెట్టి ఫోన్ పైకి అందించాడు. అది ఒక్క క్షణం ఆలోచించి, సిగ్నల్ గీతలు చూపించి, గణగణ మోగింది. ప్రొఫెసర్ గారు ట్యాంకు మీదే నిలబడి ఎత్తారు.

"సార్, కలిసింది సార్," అంది కృపారాణి గొంతు. "రెండు గంటల సంది చేస్తున్న."

దిలీప్ ఇదంతా చూసి కిందికి వంగి, "సారుకు సిమ్ వచ్చింది," అని ప్రకటించాడు. విజయం సాధించిన విద్యార్థులు క్యాంటీన్ వైపు ఊరేగింపుగా వెళ్లిపోయారు.

కింద కృపారాణి రిసీవర్ పెట్టిందో లేదో, ఆమె బల్ల మీది ఫోన్ మోగింది. పార్థసారథి గారు.

"తొమ్మిదిన్నర నుంచి చేస్తా ఉండానమ్మా. సెల్‌కు చేస్తే ఎత్తేవాళ్లకు కూడా బిల్లు పడతాదంట, ఎందుకులే అని ఈ నంబరుకే చేస్తే ఒకటే ఎంగేజ్. వైవా లేదేమో అనుకున్నా. మీ గేటు దగ్గర బూత్‌లో ఉండా. ఈసారి కలవకపోతే స్టేషన్‌కు పోయేవాణ్ణి."

కృపారాణి ఆ కబురు అందించగానే దివాకర్ స్కూటర్ కూడా తీయకుండా గేటు దాకా పరుగెత్తాడు. పరుగెత్తుతూనే నవ్వుకున్నాడు. గుండె మీదనుంచి బండ దించినట్టయింది.

పన్నెండున్నరకు వైవా మొదలైంది. పార్థసారథి గారు థీసిస్ తిరగేసి, కళ్లజోడు మీదుగా చూసి, ఒకే ఒక్క గట్టి ప్రశ్న అడిగారు.

"అంతా బాగుంది గానీ, ఈ పలచని పొర వల్ల మామూలు మనిషికి వచ్చే నష్టమేంది? ఒక ఉదాహరణ చెప్పు."

దివాకర్ గైడు వైపు చూశాడు. గైడు శాలువా మడత సర్దడంలో మునిగిపోయారు. దివాకర్ పొద్దుటి నుంచి జరిగింది జరిగినట్టు చెప్పాడు. పార్థసారథి గారు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, నవ్వు ఆగాక, సంతకం పెట్టారు.

సాయంత్రం తార్నాకలోని ప్రొఫెసర్ గారింట్లో భూదేవి డాక్టర్ దివాకర్‌కు నిండుగా బొట్టు పెట్టి మిఠాయి తినిపించింది. ఫోన్‌కు మాత్రం దూరం నుంచే దండం పెట్టింది.