అత్తయ్యగారి కాళ్ళవాపు, నా బార్లీ బస్తా

బీరు ఇంట్లోనే కాచుకుంటే సీసా నలభై సెంట్లకు పడుతుందని మా ఆఫీసు నిశాంత్ చెప్పిన రోజున, ఆఫీసున్న రాఫెల్స్ ప్లేస్ నుంచి ఇల్లున్న బెడోక్ దాకా రైల్లో నిలబడి వెళ్తూనే నేను ఎక్సెల్ షీటు తయారుచేశాను.

నిశాంత్ డబ్బాలో దొరికే పాకంతో కాచే రకం కాదు. గింజల నుంచే మొదలుపెడతాడు. బార్లీని మొలకెత్తించి ఆరబెడితే మాల్టు అవుతుందట. దాన్ని రవ్వగా ఆడించి అరవై అయిదు డిగ్రీల నీళ్ళలో గంటసేపు ఉంచితే అందులో పిండంతా చక్కెరగా మారుతుంది. ఆ తియ్యటి నీళ్ళలో చేదు కోసం హాప్స్ అనే పూలు వేసి మరిగించి, చల్లారాక ఈస్టు కలిపితే మూడు నాలుగు వారాల్లో బీరు.

ఇరవై లీటర్లకు అయిదు కిలోల మాల్టు చాలు. విడిగా కొంటే కిలో అయిదున్నర డాలర్లు. ఇరవై అయిదు కిలోల బస్తా కొంటే కిలో మూడు డాలర్లే. నాలాంటి పొదుపరి బస్తానే కొంటాడు, కొన్నాను. పెద్ద గిన్నె, డ్రమ్ము, థర్మామీటరు, గింజలు ఆడించే మర కూడా కొన్నాను గానీ వాటిని షీటులో వెయ్యలేదు. వేస్తే సీసా పదకొండు డాలర్లకు తేలింది. అందుకని వాటిని ‘పెట్టుబడి’ అని రెండో షీటులో పెట్టి, ఆ షీటును దాచేశాను.

మా ఆవిడ భువన బ్యాంకులో ఆడిటరు. దాచిన షీట్లు వెతికి పట్టుకున్నందుకే ఆవిడకు జీతమిస్తారు.

కాబట్టి బీరు తయారయ్యాకే చెబుదామనుకున్నాను. సామానంతా ఆఫీసులో నా బల్ల కింద పెట్టి, బస్తాని మాత్రం ఇంటికి తెచ్చి బాంబు షెల్టర్లో పెట్టాను. మా ఫ్లాట్లలో యుద్ధం వస్తే దాక్కోవడానికని ఇనప తలుపుతో ఓ చిన్న గది కట్టారు. యుద్ధం రాలేదు గనక అందులో ఆవకాయ జాడీలు దాక్కుంటాయి.

ఆ సాయంత్రమే భువన ఆవకాయ కోసం వెళ్ళింది.

“ఏమండీ, ఈ బస్తా ఏమిటి?”

“బార్లీ.”

“ఇరవై అయిదు కిలోలా? మనం గుర్రాన్ని పెంచుతున్నామా?”

“అత్తయ్యగారికి కాళ్ళు వాస్తున్నాయన్నావుగా. బార్లీ నీళ్ళు తాగితే తగ్గుతుందట.”

అబద్ధమేమీ కాదు. అది బార్లీయే. తర్వాతి సంగతులు చెప్పలేదంతే.

మా అత్తగారు మంగతాయారుగారు తెనాలి నుంచి మూడు నెలల కోసం వచ్చి ఉన్నారు. ఆవిడకు కాళ్ళవాపుతోపాటు షుగరు కూడా ఉంది. ఈ మాట వినగానే ఆవిడ కళ్ళు చెమర్చాయి.

“పద్నాలుగేళ్ళయింది పెళ్ళయి. అల్లుడుగారికి నా కాళ్ళు ఇవాళ కనిపించాయి,” అన్నారు.

ఆ రాత్రికి మా బ్లాకులో తెలుగువాళ్ళందరికీ, పక్కింటి చైనీస్ ఆంటీకి కూడా, నా సుగుణం తెలిసిపోయింది. మర్నాటి నుంచి అత్తయ్యగారు మిక్సీలో బార్లీ రవ్వ పట్టి జావ కాచడం మొదలెట్టారు. చన్నీళ్ళలో కలిపి, సన్న సెగ మీద గంటసేపు, పక్కనే కూర్చుని మరీ కాచేవారు.

“వేలు పెడితే చురుక్కుమనాలి, కాలకూడదు. అలా ఉంచితేనే గింజ దిగుతుంది,” అని మా అమ్మాయి తన్మయికి నేర్పించేవారు.

నేను ఎనభై డాలర్లు పోసి కొన్న థర్మామీటరు ఏ వేడి చూపించాలో ఆవిడ వేలు సరిగ్గా అదే చూపిస్తోందని నాకు తట్టలేదు. పొద్దున ఓ గ్లాసు, సాయంత్రం ఓ గ్లాసు. ఆవిడ తాగి, నాకూ ఇచ్చేవారు.

“పంచదార వెయ్యకుండానే ఎంత తీపో చూడండి. మీ చేతి చలవ అల్లుడుగారూ.”

రెండు వారాల తర్వాత, ఆదివారం పొద్దున, భువన వాళ్ళమ్మ వేలు పొడిచి మీటరు చూసింది. ఎప్పుడూ నూట ముప్పై ఉండేది. రెండు వందల డెబ్భై ఎనిమిది ఉంది.

“అమ్మా, ఏం తిన్నావు?”

“ఏం తిన్నానే, బార్లీ తాగాను.”

“బార్లీకి ఇంత రాదు. మైసూరుపాకు ఎక్కడ దాచావో చెప్పు.”

భువన పంచదార డబ్బా తూకం వేసింది. ఫ్రిజ్ వెతికింది. తన్మయిని విడిగా గదిలోకి పిలిచి విచారించింది. అది, “అమ్మమ్మ నో స్వీట్స్ లా, ఓన్లీ పారిజ్,” అని, జావ తప్ప ఏమీ లేదని తన బడి ఇంగ్లీషులో సాక్ష్యం చెప్పింది.

నాకు అప్పుడు వెలిగింది. నిశాంత్ పాఠమంతా గుర్తొచ్చింది. ఆవిడ రోజూ కాచి తాగుతున్నది మాల్టు పాకం. నేను పరుగున లిటిల్ ఇండియా బజారుకు వెళ్ళి రెండు కిలోల మామూలు బార్లీ కొని, వంటింటి డబ్బాలో మార్చేశాను. మర్నాడు సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి అత్తయ్యగారు గ్లాసు నా చేతిలో పెట్టారు. గుక్క వేశాను. అదే తీపి.

“డబ్బాలో ఏదో చప్పిడి బార్లీ వచ్చిపడింది అల్లుడుగారూ. పారబోసి మన బస్తాలోదే పోశాను,” అన్నారు.

మంగళవారం మీటరు మూడు వందలు దాటింది. ఈసారి భువన గొంతు పెంచింది.

“డాక్టరుకు ఏమని చెప్పను? నువ్వు చాటుగా తింటున్నావు, ఒప్పుకోవడం లేదు.”

అత్తయ్యగారు లోపలికి వెళ్ళి సూట్‌కేసు తెచ్చి హాల్లో పెట్టి, దాని మీద కూర్చున్నారు. “టికెట్టు ముందుకు మార్పించు. కూతురింట్లో దొంగతిండి తిన్నానని అనిపించుకున్నాక ఎందుకిక్కడ,” అన్నారు. ఆ వాచిన పాదాలు నేల మీద ఆనీ ఆనకుండా ఉన్నాయి. నేను ఇంక ఉండలేకపోయాను.

“అత్తయ్యగారూ, మీరేం తినలేదు. తప్పు బార్లీది.”

“బార్లీలో తీపేమిటండీ?” అంది భువన.

“అది మాల్టు. సన్న సెగ మీద గంట ఉంచితే పిండంతా చక్కెరవుతుంది.”

“మాల్టు మనింట్లో ఎందుకుంది?”

“బీరు కాచుకుందామని.”

తన్మయి ఫోన్ లోంచి తలెత్తి, “నాన్నా, యూ సో డెడ్,” అంది.

అత్తయ్యగారు వేళ్ళు మడిచి లెక్కపెట్టారు. “అయితే నేను పదిహేడు రోజులూ తాగింది బీరా?”

“కాదండీ. బీరవడానికి ముందుది.”

“ఎంత ముందుది?”

“ఓ నెల ముందుది.”

“అయితే ఫరవాలేదు,” అని ఆవిడ సూట్‌కేసు మీంచి లేచారు. “నా మీద నింద పోయింది, అది చాలు. కానీ అల్లుడుగారూ, నా కాళ్ళ కోసం తేలేదన్నమాట.”

నేను ఆవిడ సూట్‌కేసు లోపల పెట్టి వచ్చాను. ఈలోగా భువన దగ్గర ఓ ప్రశ్న తయారయింది.

“మీరు రోజుకు ఎన్ని గ్లాసులు తాగారు?”

“రెండు.”

“వేలు ఇలా ఇవ్వండి.”

మర్నాడు పరగడుపున మళ్ళీ ఇవ్వమంది. రెండు సార్లూ మీటరు నాకు వ్యతిరేకంగానే, నాకూ షుగరు ఎక్కువేనని చెప్పింది. డాక్టరు మూడు నెలలు తీపి వద్దన్నాడు, అన్నం తగ్గించమన్నాడు, బీరు మాట నేను అడగకుండానే భువన అడిగింది, అదీ వద్దన్నాడు. అత్తగారూ అల్లుడూ ఒకే పథ్యం. పొద్దున్నే ఇద్దరం కారిడార్లో నడక. నేను ఆవిడ పక్కన నెమ్మదిగా నడుస్తూ రోజూ కాళ్ళెలా ఉన్నాయని అడిగేవాణ్ణి. వారం పది రోజులు “ఉన్నాయి” అని మాత్రం చెప్పి, ఆ తర్వాత కాస్త కరిగారు.

మిగిలిన పద్దెనిమిది కిలోల మాల్టునీ, సామాన్లనీ భువన నిశాంత్‌కు అమ్మేసింది. నేను మూడు డాలర్లకు కొన్న కిలోను అయిదుకు అమ్మింది. “విడిగా కొంటే అయిదున్నర కదా అన్నా, మీకు అర్ధ డాలరు మిగులుతుంది,” అని చెబితే అతను థాంక్స్ కూడా చెప్పాడట. పైగా కాచినదాంట్లో ఆరు సీసాలు ఇచ్చేలా ఒప్పందం చేసుకుంది. ఆ సంగతి నాకు సీసాలు వచ్చినరోజే తెలిసింది.

నెల తిరిగాక ఓ శనివారం సాయంత్రం నిశాంత్ వాటిని ఫ్రిజ్‌లో పెట్టి వెళ్ళాడు. భువన ఒకటి తీసి, పొడుగాటి గ్లాసు వంచి పట్టుకుని, నురగ పొంగకుండా నిదానంగా పోసింది. ఆ పొయ్యడంలో అలవాటు ఉంది.

ఓ గుక్క తాగి కళ్ళు మూసుకుంది. “బాగా కుదిరిందండీ. చేదు కొంచెం తగ్గితే ఇంకా బాగుండేది.”

“నువ్వు బీరు తాగుతావా?” అన్నాను.

“ఆఫీసు పార్టీల్లో ఎప్పుడైనా.”

“నాకెప్పుడూ చెప్పలేదేం?”

“పద్నాలుగేళ్ళలో మీరు అడిగారా?” అని గ్లాసు మళ్ళీ ఎత్తింది.