నలభై ఒక్క తలలు మోసిన ఒళ్లు

సింహాచలం గీసిన శరీరం అంగీకారం తెలపకపోవడంతో అప్పలనాయుడుగారి పుట్టినరోజు వీడియో తొంభై తొమ్మిది శాతం దగ్గర ఆగిపోయింది. అనకాపల్లిలో ఫ్లెక్సీలు వేసేవాళ్లకి ఇది కొత్తేమీ కాదు. ఎండాకాలం కరెంటు పోయినట్టే, ఎన్నికల ముందు శరీరాలు అడ్డం తిరుగుతాయి.

వీడియో కావాలన్నది నాయుడుగారే. తన బొమ్మ చూస్తే చాలదు, అది గీత గీతగా ఎలా తయారైందో జనం చూడాలి, సాయంత్రం నాలుగింటి సభలో తెర మీద పడాలి అన్నారు. ఆయన వార్డు నాయకుడు. సింహాచలం కొట్టేమో మురుగుకాలువ మీద రాతిపలకలు పరిచి కట్టింది. దానికి కాగితాలు లేవు, నాయుడుగారి మాట ఉంది. వీడియో లేకపోతే ఆ మాటా ఉండదు.

పొద్దున్నుంచి సింహాచలం చేయవలసినవన్నీ చేశాడు. కంప్యూటర్ ఆపి మళ్లీ పెట్టాడు. వీడియో సైజు తగ్గించాడు. ఫైలుకున్న తెలుగు పేరు తీసేసి అంకెలు పెట్టాడు. ఎవరివో పాత పెళ్లి ఆల్బమ్‌లు చెరిపేసి డిస్కులో చోటు చేశాడు. ఎంత పనైందో చూపే పచ్చగీత హుషారుగా తొంభై తొమ్మిది దాకా వచ్చేది, అక్కడ చతికిలబడేది.

పన్నెండింటికి ఆ బొమ్మల సాఫ్ట్‌వేర్ సహాయ కేంద్రం నుంచి మణిమాల అనే అధికారిణి వచ్చింది. రిజిస్టరు తెరిచింది.

"ఈ శరీరాన్ని ఎన్నాళ్లుగా వాడుతున్నారు?"

"తొమ్మిదేళ్లండి. ఒక్కపాలే గీసినాను. తల మారుస్తానంతే."

"ఎన్ని తలలు?"

"నాయుడుగారితో నలభై ఒకటండి. మూడు పార్టీలోళ్లూ ఉన్నారు. కండువా రంగొకటి మారుస్తానండి."

మణిమాల రాసుకుంది. "అచ్చు బొమ్మకైతే ఫరవాలేదు. వీడియోలో గీత గీతా బయటపడుతుంది కాబట్టి శరీరం అంగీకారం తప్పనిసరి," అని ఏదో మీట నొక్కింది. తెరలోంచి శరీరం దిగి వచ్చి ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుంది. తెల్లచొక్కా, తెల్లప్యాంటు, జోడించిన చేతులు. కాలరు పైన ఏమీ లేదు.

అంగీకారం దరఖాస్తులో ముఖం ఫొటో అంటించాలి. ముఖం లేనివారు పైగుండీ ఫొటో ఇవ్వవచ్చని వెనకపేజీలో ఉంది. చేతులు విడదీయలేనివారు మోచేతి ముద్ర వేయవచ్చు. అన్నిటికీ దారి ఉంది, శరీరం ఒప్పుకోవడమే తరువాయి.

"ఎందుకు మొరాయిస్తన్నావు నాయనా?" అని అడిగాడు సింహాచలం.

కాలరులోంచి గొంతు వినబడింది. "తొమ్మిదేళ్లుగా దణ్ణం పెడతానే ఉన్నాను. ఎదర ఎవులున్నారో తెల్దు. ఓపాలి నన్ను సభకి తీసుకెళ్లు."

సింహాచలానికి మనసు కలుక్కుమంది. ఇన్ని తలలు పెట్టి తీశాడే గాని దాన్ని నీకేం కావాలని ఒక్కనాడూ అడగలేదు. తీసుకెళతానన్నాడు. మోచేతి ముద్ర పడింది, వీడియో బయటికి వచ్చింది, మణిమాల టీ తాగి వెళ్లిపోయింది.

శరీరాన్ని స్కూటరు వెనక ఎక్కించుకుని బయల్దేరాడు. హెల్మెట్ లేదని ఆపిన కానిస్టేబుల్, పెట్టుకోవడానికి చోటు లేదని గమనించి, తిరిగి నమస్కారం పెట్టి పంపేశాడు.

సభలో వీడియో ఏడు నిమిషాలు నడిచింది. తల ఎప్పుడూ ఆఖర్న అతికించేదే గనక, ఆరు నిమిషాల యాభై సెకన్లు శరీరమే తయారైంది. జనం తెర మీది శరీరాన్ని చూశారు, సింహాచలం వేదిక మీద ఓ పక్కన నిలబెట్టిన శరీరాన్ని చూశారు, జేజేలు కొట్టారు. తెర మీద తల పడేసరికి దండలన్నీ శరీరానికే అయిపోయాయి. మెడ ముందుకు చాచి నిలబడ్డ నాయుడుగార్ని పైడమ్మ అనే ముసలావిడ మోచేత్తో నెట్టి, "కాసింత పక్కకి జరుగు బాబూ, నాయకుడు అగుపించట్లేదు," అంది.

అక్కడినుంచి అర్జీలు మొదలయ్యాయి. జనం వరస కట్టి, జోడించిన అరచేతుల మధ్య కాగితాలు దోపసాగారు. శరీరం మధ్యలో ఫోనెత్తలేదు, విసుక్కోలేదు, పార్టీ అడగలేదు. అందరికీ "అలాగే" అంది.

నాయుడుగారు వేదిక దిగి సింహాచలం దగ్గరికి వచ్చారు. "తెల్లారేసరికి కాలువ మీద నీ కొట్టు ఉండకూడదురా," అని కారెక్కి వెళ్లిపోయారు.

సింహాచలానికి ఇల్లు గడిచేదీ పిల్లలు చదివేదీ ఆ నాలుగు పలకల మీదే.  అతను పక్కవాడిని కాగితం అడిగి, తన గోడు మొత్తం రాసి, వరసలో నిలబడ్డాడు. అతని నంబరు అరవై మూడు. ఆ చొక్కా లోపల తను ఏమీ గీయలేదని అతనికి తెలుసు. ఫ్లెక్సీలో కనబడదని వీపు కూడా గీయలేదు. అయినా ముందున్నవాళ్లు తోసుకుంటుంటే కసురుకున్నాడు, తన వంతు పోతుందేమోనని.

వంతు వచ్చింది. కాగితం దోపి, వంగి దణ్ణం పెట్టాడు.

"అలాగే," అంది శరీరం.

సింహాచలం కళ్లు చెమర్చాయి.  పక్కకి తప్పుకుంటూ వెనకవాడితో, "మంచి మనిషండి," అన్నాడు.