టై రాడ్ మీద ఎర్రచుక్క

మర్నాడు అద్దాల లోడు కొండ మీది హోటలుకు చేర్చాలి. కనుక లారీ ఓనరు ఆ ఉదయం పెట్టుకున్న పని చిన్నదే. స్టీరింగ్ ఎందుకు ఎడమకు లాగుతోందో బావమరిదికి చూపించి, టిఫిను వేళకు ఇంటికి చేరాలి. బావమరిది కొత్తగా మెకానిక్ షెడ్డు పెట్టాడు. అతని మొదటి పెద్ద బేరం ఇదే.

"టై రాడ్ ఎండు పోయింది బావా, మార్చాల్సిందే," అన్నాడు బావమరిది లారీ కిందనుంచి బయటికొస్తూ. "స్టీరింగు తిప్పితే చక్రం తిరిగేది దీనివల్లే. కొండ మలుపులో ఊడిందంటే నువ్వొకవైపు తిప్పుతావ్, బండి ఇంకోవైపు పోతుంది."

"కాస్త గ్రీజు పెడితే సరిపోదా?"

"గ్రీజు పెట్టడానికి అదేమన్నా కిర్రుమనే తలుపా? నేను చక్రం ఊపుతా, నువ్వు వంగి చూడు. ఎంత వదులుందో నీకే తెలుస్తుంది."

ఓనరు వంగి చూశాడు. అక్కడ ఉన్నవన్నీ ఒకేలా నల్లగా, జిడ్డుగా కనిపించాయి. ఏమీ అర్థం కాలేదంటే ఇన్నేళ్ళ లారీ అనుభవానికి పరువు దక్కదు. అందుకే "అవునవును, చాలా వదులుంది" అని గంభీరంగా తలూపాడు.

తలైతే ఊపాడు గానీ, అనుమానం పోలేదు. నిన్నగాక మొన్నటిదాకా సైకిలు పంక్చరు కూడా సరిగ్గా వేయలేని కుర్రాడు! నిజంగా మారుస్తాడా, పాతదాన్నే తుడిచి బిగిస్తాడా? పోనీ వేరే మెకానిక్‌ని అడుగుదామంటే భార్య ఊరుకోదు. తమ్ముణ్ణి ఒక్క మాటంటే ఆవిడ వంటలో ఉప్పు లెక్క తప్పుతుంది.

చివరికి బ్రహ్మాండమైన ఉపాయం తట్టింది. ఇంటికి పరుగెత్తి, అలమరలోంచి భార్య గోళ్ళరంగు సీసా తెచ్చాడు. ఆ ఇంట్లో గోళ్ళరంగు గోళ్ళకు వాడగా చూసినవాళ్ళు లేరు. బకెట్టు, గొడుగు, నిచ్చెన, చివరికి ఓనరుగారి దువ్వెన కూడా పక్కింటివాళ్ళ పాలు కాకుండా ఆవిడ పెట్టిన ఎర్రచుక్కతోనే బతుకుతున్నాయి. బావమరిది టీకి వెళ్ళగానే ఓనరు లారీ కిందికి దూరి పాత టై రాడ్ ఎండు మీద ఒక చుక్క పెట్టాడు. సీసా మళ్ళీ అలమరలో పెట్టేసి, లోడు కట్టడానికి తాళ్ళు కొనేందుకు బజారుకు వెళ్ళాడు.

సాయంత్రం తిరిగొచ్చేసరికి లారీ వాకిట్లో ఉంది. భార్య ఇంట్లో లేదు. ఓనరు టార్చి పట్టుకుని బండి కిందికి దూరాడు.

ఎర్రచుక్క నిగనిగలాడుతోంది.

"మోసం! సొంత బావనే ముంచాడు!" అని అతను వేసిన కేకకు పక్కింటి పంతులుగారు పేపరు పట్టుకునే వచ్చేశారు.

"నా స్కూటరుకు బ్రేకులు వేసిందీ వాడేనయ్యా! పద, తేల్చుకుందాం," అన్నారాయన.

ఇద్దరు బయల్దేరితే వీధి చివరకు చేరేసరికి పదిహేను మందయ్యారు. ఆ షెడ్డులో ఎన్నడూ ఏ పనీ చేయించుకోనివాళ్ళు అందరికంటే గట్టిగా అరుస్తున్నారు. ఒకావిడ పాడైన మిక్సీని కూడా వెంట తెచ్చుకుంది.

గుంపును చూసి బావమరిది, కొత్త బేరాలనుకుని చేతులు తుడుచుకుంటూ సంతోషంగా ఎదురొచ్చాడు. సంగతి విన్నాక మొహం వాడిపోయింది.

"చేతగాక నీ బండి పాడుచేస్తానేమో గానీ బావా, నిన్ను మోసం చేస్తానా? ఇంతమంది ముందు ఈ మాటన్నావ్, రేపట్నుంచి ఈ షెడ్డుకెవరొస్తారు?"

"మరి ఆ ఎర్రచుక్క ఎక్కణ్ణుంచి వచ్చింది?"

"నేను పెట్టా!" వెనకనుంచి భార్య గొంతు వినిపించింది. గొడవ చెవిన పడి కూరగాయల సంచీతోనే వచ్చేసింది. "తమ్ముడు బండి ఇచ్చి, మార్చిందేదో చూపించి వెళ్ళగానే చక్రం పక్కనుంచి చెయ్యి పెట్టి, కొత్త సామానుకి చుక్క పెట్టా. మనింటికి కొత్తదేదొచ్చినా పెడతాను కదా?"

బావమరిది తుక్కు డబ్బాలోంచి పాత టై రాడ్ ఎండు తీసి అందరికీ చూపించాడు. దాని మీదా ఎర్రచుక్కే. "ఇది కూడా నువ్వే పెట్టావనుకున్నానక్కా."

"పాత తుక్కుకి నేనెందుకు పెడతాను?"

షెడ్డులో ఉన్న తలలన్నీ మెల్లగా ఓనరు వైపు తిరిగాయి. అతని కుడిచేతి బొటనవేలికి ఇంకా ఎర్రరంగు అంటుకునే ఉంది.

ముందుగా పంతులుగారు నవ్వారు. ఆ నవ్వు షెడ్డంతా పాకింది. ఓనరుకు సిగ్గుతో చెవులు ఎర్రబడ్డాయి. "తప్పయిపోయిందిరా" అని బావమరిదిని దగ్గరికి తీసుకున్నాడు. అతని గ్రీజంతా చొక్కాకు అంటుకున్నా విడవలేదు. వచ్చినవాళ్ళు ఊరికే పోవడం బాగుండదని మర్నాటికి నాలుగు బండ్లు ఒప్పజెప్పారు. మిక్సీ మాత్రం అక్కడే ఉండిపోయింది.

మర్నాడు లారీ కొండ మలుపులన్నీ ఒంటిచేత్తో తిప్పినట్టు ఎక్కేసింది. ఒక్క అద్దమూ పగల్లేదు.

అప్పట్నుంచి రిపేరుకు ఎవరొచ్చినా, బావమరిది బండికన్నా ముందు వాళ్ళ గోళ్ళు చూస్తున్నాడు.