మర్యాద తెలిసిన బ్రేకు

సోమవారం పొద్దున్నే ఏలూరు వెళ్ళి, కారుకు బ్రేకు బాగుచేయించుకుని, మధ్యాహ్నం భోజనం వేళకు పెదపాడు తిరిగి వచ్చేయాలని కోదండరామయ్య అనుకున్నాడు. ఆ పథకంలో లోపమేమీ లేదు. లోపమంతా కోదండరామయ్య నోట్లో ఉంది. ఎదుటివాడి మనసు నొచ్చే మాట ఆ నోట్లోంచి నలభై ఏళ్ళలో ఒక్కటీ రాలేదు. ఎవరింట్లోనైనా ఉప్పు మరిచిపోయిన పులుసు పోస్తే "అమృతం" అని మరోసారి పోయించుకునే మనిషి ఆయన.

ఆ కారును మాఘమాసంలో ఏలూరులో నరసరాజుగారి మోటారు ఏజెన్సీలో కొన్నాడు. అది పందొమ్మిది వందల ముప్పై ఆరో సంవత్సరం. పెదపాడు రోడ్డు మీద కారు కనిపిస్తే ఎడ్లు కూడా మేత మానేసి చూసే రోజులు. కొత్తలో బ్రేకు తొక్కితే కీచుమని అరిచేది, అరిచి ఆగేది. మొదటిసారి సర్వీసుకు ఇచ్చి తెచ్చుకున్నాక అరుపు పోయింది. అరుపుతో పాటు ఆగడం కూడా పోయింది. ఇప్పుడు బ్రేకు తొక్కితే బండి కాసేపు ఆలోచిస్తుంది. ఆ ఆలోచన తెగేలోగా ఒకసారి కొల్లేటి గట్టు దిగి బురదలోకి వెళ్ళింది. పక్కన కూర్చున్న భార్య వెంకటనరసమ్మ పట్టుచీరతో మోకాళ్ళ లోతు బురదలో దిగి, వెనక్కి చూడకుండా ఇంటికి నడిచింది. మళ్ళీ కారెక్కలేదు. కోదండరామయ్య అప్పట్నుంచి కారును పెరట్లో గడ్డివాములోకి తోలి ఆపుతున్నాడు.

శుక్రవారం దెందులూరులో వెంకటనరసమ్మ తమ్ముడు వెంకట్రాజు కొత్తింటి గృహప్రవేశం. ఆ వెంకట్రాజు ఈ కారుకు "గడ్డి మేసే మోటారు" అని పేరు పెట్టి ఊరూరా నవ్విస్తున్నాడు. వాడి గుమ్మం ముందు భార్యను పక్కన కూర్చోబెట్టుకుని దర్జాగా కారు దిగాలి. కోదండరామయ్యకు ఈ జన్మలో అంతకు మించిన కోరిక లేదు.

"ఏవండీ, నేను వాకిట్లో ముగ్గేస్తాను. ముగ్గు తొక్కకుండా దాని ముందు ఆపండి. ఆపారా, ఎక్కుతాను. లేదా, మా తమ్ముడికి కబురు పెడితే గూడుబండి పంపిస్తాడు" అంది వెంకటనరసమ్మ.

"అదెంత పనే! సాయంత్రానికల్లా చూడు" అని బయలుదేరాడు కోదండరామయ్య.

ఏజెన్సీ ఆవరణలో గడ్డివాము లేదు. అందుచేత వేగం చచ్చేదాకా మేడ చుట్టూ మూడుసార్లు తిప్పి, నాలుగో చుట్టులో గోడకు ఆనించాడు. అరుగు మీద నిలబడి చూస్తున్న నరసరాజుకు కళ్ళు చెమర్చాయి.

"కోదండరామయ్యగారూ! మా ఏజెన్సీకి మూడు ప్రదక్షిణలు చేసిన ఖాతాదారుణ్ణి నేనింతవరకూ చూడలేదండీ! రండి రండి, ఎండన పడి వచ్చారు. కాళ్ళు కడుక్కోండి."

వచ్చిన పెద్దమనిషిని ఏం పని మీద వచ్చారని అడగడం నరసరాజు ఇంటావంటా లేదు. అడగందే చెప్పడం కోదండరామయ్య వంశంలో లేదు. ఇద్దరూ పడక్కుర్చీల్లో ఎదురెదురుగా కూర్చున్నారు. పనివాడొకడు విసనకర్రతో విసిరాడు. కాఫీ వచ్చింది, పెసరట్లు వచ్చాయి, వానల ప్రసక్తి వచ్చింది, కొల్లేటి కొరమీను ప్రసక్తి వచ్చింది. బ్రేకు ప్రసక్తి రాలేదు. మధ్యాహ్నం నరసరాజుగారింటి నుంచి క్యారేజీ వచ్చింది. గుత్తివంకాయ, గడ్డపెరుగు తిన్న తరువాత బ్రేకు ఉన్నా లేకపోయినా ఒకటేననిపించి, కోదండరామయ్య ఒక కునుకు తీశాడు.

లేచేసరికి కారు కడిగి, తుడిచి, బంతిపూల దండ వేసి ఉంది.

"అంతా చూశారాండీ?" అన్నాడు కోదండరామయ్య, ఎంత ఘాటుగా అనగలడో అంత ఘాటుగా.

"చూడకపోవడమేమిటండీ! కీచుమన్న చప్పుడు తమ చెవిన పడకూడదని నాలుగు చక్రాల్లోనూ శ్రద్ధగా నూనె పెట్టించాను. మా దగ్గర కొన్న ప్రతి బండికీ అంతేనండీ."

నూనె అంటే మంచిదే అనుకున్నాడు కోదండరామయ్య. ఇంటికొచ్చి, ముగ్గు చూసి, ధైర్యంగా బ్రేకు తొక్కాడు. కారు ముగ్గు మీద నుంచి, తులసికోట పక్క నుంచి, చప్పుడు లేకుండా వెళ్ళి గడ్డివాములో అవతలి వైపు తేలింది. వెంకటనరసమ్మ చీపురు తెచ్చి వాకిలి ఊడ్చుకుంది.

మంగళవారం గట్టిగా చెప్పేద్దామని పళ్ళు బిగించుకుని ఏలూరు వెళ్ళాడు. ఆవరణలో ప్రదక్షిణలు పూర్తి చేసి లోపలికి పోతే, పడక్కుర్చీలో వెంకట్రాజు కాఫీ తాగుతూ కనిపించాడు. ఎగతాళి చేసినవాడే రహస్యంగా కారు బేరానికి వచ్చాడు.

"ఇదుగో, మీ బావగారే వచ్చారు! వీరికంటే సాక్షి ఎవరండీ! అడగండి" అన్నాడు నరసరాజు పొంగిపోయి.

వెంకట్రాజు కాస్త సిగ్గుపడి గొంతు తగ్గించాడు. "బావగారూ, సరదాకి ఏదో అన్నాను గానీ, మీ మాటే నాకు ప్రమాణం. నిజం చెప్పండి. బ్రేకు ఎలా ఉంది?"

కోదండరామయ్య ఒకసారి నరసరాజు మొహం చూశాడు. అది నిన్న గుత్తివంకాయ పెట్టించిన మొహం. ఒకసారి వెంకట్రాజు మొహం చూశాడు. అది నిజం వింటే జన్మంతా నవ్వే మొహం. పైగా అప్పుడే ఎవరో తెచ్చి చేతిలో సున్నుండ పెట్టారు.

"బ్రహ్మాండం" అన్నాడు.

ఆ మాట అన్నాక ఇక ఆ ఏజెన్సీలో బ్రేకు గురించి నోరెత్తే దారి లేకపోయింది. కారుకు మరోసారి దండ వేశారు, చక్రాల్లో మరోసారి నూనె పెట్టారు. ఆ సాయంత్రం వెంకటనరసమ్మ ముగ్గు చిన్నదిగా వేసింది, ఎలాగూ పోయేదానికి పిండి దండగని.

బుధవారం చీకటితోనే ఎవరికీ చెప్పకుండా తాడేపల్లిగూడెం దారి పట్టాడు. అక్కడ రైసు మిల్లు పక్కన తాటాకు పాకలో మస్తాన్ అనే మెకానిక్ ఉన్నాడనీ, పని బంగారమనీ, నోరు మాత్రం తుమ్మముల్లనీ విన్నాడు. ముప్పై మైళ్ళూ మొదటి గేరులో వెళ్ళాడు. సైకిలు మీద పోయేవాళ్ళు జాలిగా చూసి దాటిపోయారు.

పాకలో కుర్చీ లేదు, కాఫీ లేదు, పలకరించే దిక్కు లేదు. ఒక లారీ కింద నుంచి రెండు కాళ్ళు కనిపిస్తున్నాయి. కోదండరామయ్య ఆ కాళ్ళకే నమస్కారం పెట్టాడు.

"కులాసానా అండీ?"

"బండికేంటి?" అన్నాయి కాళ్ళు.

"ఏం లేదండీ, బాగానే ఉందండీ" అన్నాడు కోదండరామయ్య అలవాటు కొద్దీ.

"బాగుంటే తీసుకుపో."

కోదండరామయ్య గంటసేపు ఖాళీ పీపా మీద కూర్చున్నాడు. పీపా ఎండకు కాలుతోంది. మంచినీళ్ళు కావాలా అన్నవాడు లేడు. అండీ అన్న మాట ఆ ఆవరణలో తన నోట తప్ప ఎవరి నోటా పుట్టలేదు.

"ఇంకా ఉన్నావా? ఏంటి నీ గొడవ?" అన్నాడు మస్తాన్ లారీ కింద నుంచే.

"తొందరేం లేదండీ, తమ వీలు చూసుకుని... బ్రేకు కాస్త మెతకబడిందేమోనని..."

"మెతకేంటి? తొక్కితే ఆగుద్దా, ఆగదా?"

"ఆగుతుందండీ. నిదానం మీద..."

"ఆగేదానికి రిపేరేంటి? పక్కకి తియ్, దారికి అడ్డం."

కోదండరామయ్యకు కళ్ళ ముందు రెండు ముగ్గులు కనిపించాయి. చీపురు కనిపించింది. దెందులూరు దారిలో గూడుబండి ఎక్కి పోతున్న భార్య వీపు కనిపించింది. ఎక్కడో పొట్ట అడుగు నుంచి, నలభై ఏళ్ళుగా దాగి ఉన్న గొంతు ఒకటి పైకి తన్నుకొచ్చింది.

"ఆగదు! చస్తే ఆగదు! ఆ బండి దరిద్రం! గడ్డివాములో దిగుతున్నాను! నా పెళ్ళాం ఎక్కనంటోంది!"

మిల్లు దగ్గర బస్తాలు మోసేవాళ్ళు నిలబడిపోయారు. కోదండరామయ్యకు తన గొంతు విని తనకే భయం వేసింది. లారీ కింద నుంచి మస్తాన్ మొదటిసారి బయటికొచ్చాడు. పాతికేళ్ళ బక్కపలచటి మనిషి. మొహం ప్రసన్నంగా ఉంది.

"అదీ మాట. పొద్దున్నే అనుంటే ఈపాటికి ఇంటికెళ్ళేవాడివి."

చక్రం ఊడదీసి వాసన చూశాడు. "బ్రేకు పట్టీలకి కొబ్బరినూనె రాసిన మహానుభావుడెవడు?"

"కీచుమంటుందని... మర్యాదకి..."

"బ్రేకు పట్టుకోవాలంటే పొడిగా ఉండాల. అరిస్తే అరవనీ. తలకి రాసేది చక్రానికి రాస్తే ఎట్టా ఆగుద్ది?"

సాయంత్రానికి కొత్త పట్టీలు పడ్డాయి. తిరుగుదారిలో దెందులూరు మీదుగా వస్తూ కోదండరామయ్య లెక్క వేసుకున్నాడు. ఏలూరులో రెండు రోజులు రాజభోగం అనుభవించి బ్రేకు పోగొట్టుకున్నాడు. గూడెంలో ఒక పూట తిట్లు తిని బ్రేకు తెచ్చుకున్నాడు. వెంకట్రాజుకు ఈ సంగతి చెబుదామా అని అతని కొత్తింటి ముందు ఒకసారి ఆపాడు కూడా. చక్కగా ఆగింది. కాని నిన్న బ్రహ్మాండమన్న నోటితో ఇవాళ కాదంటే ఏం బాగుంటుంది? గృహప్రవేశం కానీ, నింపాదిగా చెప్పవచ్చు, వాడేం ఈ రెండు రోజుల్లో కొనేస్తాడా అనుకుని సాగిపోయాడు.

గురువారం ముగ్గుకు నాలుగు వేళ్ళ ఎడంలో కారు కీచుమని ఆగింది. వెంకటనరసమ్మ వంగి ఆ ఎడం కొలిచి చూసి, "సరేనండీ" అంది.

శుక్రవారం తొమ్మిదింటికి దెందులూరులో పెళ్ళిపందిరంత పందిరి ముందు కారు ఊరంతా వినేలా కీచుమని ఆగింది. జనమంతా తిరిగి చూశారు. వెంకటనరసమ్మ కొంగు సర్దుకుని దిగింది. కోదండరామయ్య పొంగిన ఛాతీ పందిరి రాటకు తగిలింది. ముహూర్తం తొమ్మిదీ పదికి. ముందు ఆవూ దూడా గుమ్మం దాటాలి కాబట్టి, అవి ఎక్కడానికి మెట్ల మీద బల్లలు వాలుగా పరిచారు. పురోహితుడు గడియారం చూసుకుంటున్నాడు.

వెంకట్రాజు ఎదురొచ్చి చేతులు పట్టుకున్నాడు. "బావగారూ, మీ మాట మీద నిన్ననే కొనేశాను! నరసరాజుగారు స్వయంగా తోలుకొస్తున్నారు."

"ఏం మాట?" అంది వెంకటనరసమ్మ.

"బ్రేకు బ్రహ్మాండమన్నారు కదక్కా, మంగళవారం!"

ఆవిడ మొగుడి వైపు తిరిగేలోగా రోడ్డు మలుపులో కొత్త కారు కనిపించింది. నిండా పూలదండలతో, వినయంగా, చీమ చిటుక్కుమన్నంత చప్పుడు కూడా లేకుండా వస్తోంది. నరసరాజు ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని రెండో చేత్తో అందరికీ నమస్కారాలు పెడుతున్నాడు. ఆయన కాలు బ్రేకు మీదే ఉందని అంతమందిలో కోదండరామయ్య ఒక్కడికే తెలుసు.

"లేవండ్రా! పారిపోండి! ఆగదది! అది చస్తే ఆగదు!"

కోదండరామయ్య నోట అలాంటి భాష విని, జనం కారుకు కాదు, ఆ గొంతుకు హడిలి చెల్లాచెదురయ్యారు. ఆవు దూడను తీసుకుని అరటితోటలోకి పోయింది. కారు పందిరి కిందుగా వచ్చి, బల్లలు ఎక్కి, మామిడి తోరణం తెంపుకుని, సింహద్వారంలోకి మూతి పెట్టి ఇరుక్కుంది. లోపల సగం, బయట సగం.

పురోహితుడు అరటిచెట్టు చాటు నుంచి గడియారం చూశాడు. "తొమ్మిదీ పది. ముహూర్తానికి ప్రవేశమైతే జరిగిందండీ" అన్నాడు. "ఏది ప్రవేశించాలన్నదే ఇప్పుడు చూడాలి."

"క్షమించాలండీ, కాస్త లోపలికొచ్చేశాను" అన్నాడు నరసరాజు సీట్లోంచి చేతులు జోడించి.

ఎవరికీ దెబ్బ తగల్లేదు. వెంకటనరసమ్మ మొగుణ్ణి పందిరి చివరకు పిలిచింది. "మన బండి బాగుపడ్డాకైనా మా తమ్ముడికి నిజం చెప్పలేదేమండీ?"

"బాగుండదని" అన్నాడు కోదండరామయ్య. ఆయనకు నిజంగానే ఏడుపొచ్చింది. "పిల్లలున్నారు ఆ పందిట్లో. నాదే తప్పు."

ఆవిడ పందిట్లోకి వెళ్ళిపోయింది. ఆయన ఒక్కడే గూడెం వెళ్ళి మధ్యాహ్నానికి మస్తాన్‌ను తీసుకొచ్చాడు. మస్తాన్ కారును గుమ్మంలోంచి లాగించి, చక్రం ఊడదీసి వాసన చూశాడు.

"బండి మంచిదే. నూనె రాసిన చెయ్యి మంచిది కాదు" అన్నాడు నరసరాజు మొహం మీదే.

వెంకట్రాజు మొహమాటానికి, "మరి మా ఇల్లెలా ఉంది?" అన్నాడు.

"గుమ్మం ఇరుకు" అన్నాడు మస్తాన్.

నరసరాజు అతన్ని బతిమాలి, ఏజెన్సీలో అమ్మిన బండ్లన్నీ చూడటానికి ఆ సాయంత్రమే ఏలూరు రమ్మని ఒప్పించాడు. కొబ్బరినూనె డబ్బా బయట పారేస్తేనే వస్తానన్నాడు మస్తాన్. అలాగేనండీ అన్నాడు నరసరాజు.

ప్రయాణం వేళకు కోదండరామయ్య కారు తలుపు తీసి పట్టుకుని నిలబడ్డాడు. వెంకటనరసమ్మ తల్లితో పాటు వెనక సీట్లో కూర్చుని, అరిసెల బుట్ట ఒళ్ళో పెట్టుకుంది.

"ఎలాగూ ఏలూరు పోవాలి కదా, ఆ మస్తాన్ తోలతాడు. నరసరాజుగారు ముందు కూర్చుంటారు. మీరు తమ్ముడి గూడుబండిలో రండి" అంది.

"బండి బాగయిందిగా!"

"బండి మీద నాకు నమ్మకం కుదిరిందండీ. మీ మాట మీద కుదిరాక ముందు సీట్లో కూర్చుంటాను."

కారు వెళ్ళిపోయింది. దాని వెనక దుమ్ములో గూడుబండి బయలుదేరింది. గతుకులకు కోదండరామయ్య తల పైకప్పు వెదుళ్ళకు కొట్టుకుంటోంది. బండి తోలే ఎజ్రా వెనక్కి తిరిగి, "అయ్యగారూ, కుదుపు ఎక్కువగా ఉందాండీ?" అని అడిగాడు.

కోదండరామయ్య రెండు చేతులా నడుం పట్టుకుని, "లేదు ఎజ్రా, హాయిగా ఉంది" అన్నాడు.