అంచులేని ఫొటో

ప్రింటర్‌లోంచి ఫొటో బయటికొచ్చేసరికి సుభాషిణి ఎడమ చెయ్యి భుజంతో సహా పోయింది. ఫొటోలో తెగింది కాబట్టి ఒంటి మీదా తెగింది. నొప్పీ లేదు, రక్తమూ లేదు. జాకెట్టు చెయ్యి ఖాళీగా వేలాడింది, అంతే.

"అంచున నిలబడితే అంతేనమ్మాయ్," అన్నారు మామగారు పద్మనాభం, ఫొటోని గాలికి ఆరబెడుతూ.

పద్మనాభంగారు ఇరిగేషన్ ఆఫీసులో హెడ్ క్లర్కుగా చేసి రిటైరై, అనకాపల్లిలో కొడుకు ఫ్లాట్‌లో ఉంటున్నారు. కంప్యూటర్ అక్కర్లేకుండా కెమెరాకీ ప్రింటర్‌కీ వైరు తగిలిస్తే ఫొటో వచ్చేస్తుందని తెలిసిన నాటినుంచి ఆయనకి అదే లోకం. పండగొచ్చినా పుట్టినరోజొచ్చినా కెమెరాకి టైమర్ పెట్టి ఇంటిల్లిపాదినీ నిలబెడతారు. అందరూ పట్టాలని ఫొటో వెడల్పుగా తీస్తారు. కాగితం అంత వెడల్పుండదు. తెల్ల అంచు వదలకుండా ప్రింటు కొడితే ఆ చివరా ఈ చివరా కాస్త తెగుతుంది. ఇక నిలబడే వరస అంటారా, ఆఫీసు వీడ్కోలు ఫొటోల పద్ధతే: సీనియారిటీ ప్రకారం. మధ్యలో ఆయన, పక్కన భార్య, కొడుకు, కూతురు. ఇంట్లో అందరికంటే ఆలస్యంగా చేరింది కోడలు గనక ఆవిడ చివర. మనవరాలు చిన్మయి పిల్ల కాబట్టి ముందు కింద కూర్చుంటుంది, లెక్కలోకి రాదు.

రెండో చివర ఫ్రిజ్ ఉండేది. దానికీ ఓ పక్క తెగింది. పాలు విరిగాయి, ఇడ్లీపిండి పులిసి పొంగింది, ఇల్లంతా గగ్గోలెత్తిపోయింది. మర్నాడే మనుషుల్ని పిలిపించి ఫ్రిజ్‌ని మధ్యకి జరిపించారు. అప్పట్నుంచి ప్రతి ఫొటోలోనూ అది పద్మనాభంగారి భుజం పక్కనే దర్జాగా నిలబడుతోంది.

"తెల్ల అంచు పెట్టి తీస్తే నేనూ పడతాను కదండీ. ఒక్క బటనే," అంది సుభాషిణి భర్త ఉదయభాస్కర్‌తో.

"తెల్ల అంచుంటే శ్రద్ధాంజలి కార్డులా ఉంటుందంటారు నాన్నగారు. ఆయన సంగతి తెలుసు కదా, సర్దుకో."

ప్రింటర్ బాగుచేసే కుర్రాడొచ్చి చూసి, మెషీన్ సెట్టింగ్ ప్రకారమే నడుస్తోందన్నాడు. వార్డు ఆఫీసుకెళితే అక్కడి ఉద్యోగి ఆవిణ్ణి ఎగాదిగా చూసి, "సగానికి పైగా ఉన్నారు కదమ్మా, పూర్తి మనిషి కిందే లెక్క. రేషన్‌కేం ఇబ్బంది లేదు," అన్నాడు. పాపం, మంచివాడు.

ఉగాది ఫొటోకి ఎడమ చెవి పోయింది. సుభాషిణి కాస్త లోపలికి జరగబోతే ఆడపడుచు, "వదినా, చీర నలుగుతోంది," అంది. సుభాషిణి మళ్ళీ చివరికే జరిగింది. ఆ తర్వాత ప్రింటర్ గుర్రుమన్నప్పుడల్లా తన ముఖం తానే తడుముకునేది. కుదురుగా కూర్చుని అన్నం తినడం కూడా మానేసింది.

ఓ మధ్యాహ్నం అందరూ నిద్రపోతుండగా తనే వైరు తగిలించింది. చెయ్యి తెగిన ఆ మొదటి ఫొటోకే తెల్ల అంచు పెట్టి మళ్ళీ ప్రింటు కొట్టింది. చెయ్యొచ్చింది, చెవొచ్చింది. పరుగెత్తుకెళ్ళి చిన్మయిని రెండు చేతులా ఎత్తుకుంది. ఎంత సంతోషమేసిందో చెప్పలేం.

సాయంత్రం పద్మనాభంగారు ఆ ఫొటో చూశారు. పెద్దమనిషి కదా, కోపం తెచ్చుకోరు. దాన్ని చింపేసి పాత పద్ధతిలో ఇంకో ప్రింటు తీశారు. ఆ సమయానికి సుభాషిణి కూతురికి జడ వేస్తోంది. జడ సగంలో ఆగిపోయింది.

ఆ రాత్రి ఆవిడ ఏడుపు వినలేక ఉదయభాస్కర్ బాగా ఆలోచించాడు. "ఈసారి ఫొటో నువ్వే తియ్యి. నువ్వు వరసలో ఉండవు, ఇక నీకు తెగేదేముంది?"

ఈ ఉపాయం ముందే తట్టనందుకు ఇంట్లో అందరూ నొచ్చుకున్నారు.

అత్తామామల పెళ్ళిరోజున సుభాషిణి ఒంటిచేత్తో కెమెరా పట్టుకుని, "కాస్త నవ్వండి," అంది. తనే వైరు తగిలించి, తనే బటన్ నొక్కింది. కాగితం పూర్తిగా బయటికొచ్చేసరికి అక్కడ ఆవిడ లేదు. కెమెరా నేలని తాకేలోపు ఉదయభాస్కర్ చటుక్కున అందుకున్నాడు. అతని చురుకుదనాన్ని అందరూ మెచ్చుకున్నారు.

ఫొటో బ్రహ్మాండంగా వచ్చింది. సాయంత్రం కాఫీ కూడా మామూలు వేళకే వచ్చింది. ఎవరు తెచ్చారో ఎవరూ చూడలేదు. అంతకుముందు మాత్రం చూశారా?

"నాయనమ్మా, ఇందులో అమ్మ ఏది?" అంది చిన్మయి.

"ఫొటో తీసింది అమ్మే కదే తల్లీ," అంది నాయనమ్మ. అందులో అబద్ధమేమీ లేదు.

దీపావళికి మళ్ళీ టైమర్ పెట్టాల్సొచ్చింది. పద్మనాభంగారు వరస సరిచూసుకుని, చివర ఖాళీ ఉండటం గమనించారు.

"చిన్నీ, పెద్దదానివయ్యావు, ఇంకా కింద కూర్చుంటావేంటి? వచ్చి అత్త పక్కన నిలబడు."

చిన్మయి వచ్చి నిలబడింది. ఎవరూ చెప్పకుండానే ఎడమ చేతిని ఒంటికి దగ్గరగా లాక్కుంది.